ప్రగతి నగర్‌లో పడని పిడుగు

ఇరవై మూడేళ్లు జనం ఇళ్లకు ఇంటర్నెట్ తీగలు లాగాను. మాదాపూర్‌లో బండరాళ్లున్న రోజుల్లో మొదలుపెట్టి, ఆ బండలన్నీ అద్దాల మేడలయ్యేదాకా ఆ చుట్టుపక్కలే తిరిగాను. యాభై మూడో ఏట మా కంపెనీ నన్ను స్వచ్ఛంద పదవీ విరమణకు ఒప్పించింది. ఎంత స్వచ్ఛందమంటే, ఉత్తరం వాళ్లే టైపు చేశారు, పెన్ను వాళ్లే ఇచ్చారు, సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిల్‌తో గుర్తు కూడా పెట్టారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నిచ్చెన ఎక్కడం, తీగ అతకడం మీకు శిక్షణలో నేర్పుతారు. నేర్పనిది ఒకటుంది. నెట్ నెమ్మదిగా వస్తున్న మనిషి మీ మొహంలోకి చూసి, "ప్లాన్ పెంచమంటారా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమే ఈ ఉద్యోగం. తక్కినదంతా నిచ్చెన.

ముందే ఒక మాట. నేను కథలల్లే మనిషిని. కొండాపూర్‌లో ఒక హాస్టల్లో నలభై మంది ఒకే కనెక్షన్ మీద క్రికెట్ చూస్తుంటే రౌటర్ పెనంలా కాలిపోయిందని, వంటమనిషి దాని మీద నా కళ్లముందే ఆమ్లెట్ వేశాడని ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాను. నిజానికి అది గోరువెచ్చగా మాత్రమే ఉంది. మియాపూర్‌లో ఒక కోతి మా తీగ కొరికి మూడు రోజులు ఇంగ్లిష్‌లో అరిచిందని కూడా చెప్పాను. అందులో కోతి వరకు నిజం. ఇలాంటివి నా దగ్గర బస్తాలకొద్దీ ఉన్నాయి. ఈ రాతలో మాత్రం జరిగింది జరిగినట్టే పెడుతున్నాను. అందుకే ఇది రాయడం ఇంత కష్టంగా ఉంది.

గంగాళాల నడుమ

గచ్చిబౌలి వైపు ఒక విల్లాలో రమణయ్య గారని భూముల వ్యాపారి ఉండేవారు. నెట్ నత్తనడక నడుస్తోందని ఫిర్యాదు. రౌటర్ ఎక్కడని అడిగితే నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి అటక చూపించారు. ఇత్తడి గంగాళాలు, స్టీలు గుండిగలు, వాటి మధ్య దిక్కులేనిదానిలా మిణుకుమంటూ మా రౌటర్. హాల్లో ఈశాన్యం మూల ఎర్రదీపం ఉండకూడదని వాస్తు సిద్ధాంతి చెప్పాడట.

"సార్, ప్లాన్ ఏం పెంచకుండ్రి. డబ్బా కిందికి దించి హాల్ల పెట్టుండ్రి. గంగాళాల నడుమ కూసుంటే సిగ్నల్ యాడికి పోతది?" అన్నాను.

"అంతేనంటావా?"

"గంతే సార్."

ఆయన మొహం చిన్నబోయింది. "ఇంత పెట్టి ఇల్లు కట్టుకుంటే గంగాళం అడ్డమొచ్చిందంటావేంటయ్యా! సరిగ్గా చూడు. ఇంకేదైనా పెద్ద లోపం ఉందేమో."

లేదన్నాను. వారం తిరక్కుండానే ఆయన మా పోటీ కంపెనీలో అన్నిటికంటే పెద్ద ప్లాన్ తీసుకున్నారు. వాళ్ల మనిషి వచ్చి కొత్త రౌటర్‌ను హాల్లోనే పెట్టాడు. దాని దీపం నీలం రంగు కాబట్టి వాస్తుకు అభ్యంతరం లేదు. నెట్ దూసుకుపోయింది. ఆ కంపెనీవాళ్లు ఎంత బాగా చేశారో రమణయ్య గారు కాలనీ అంతటికీ చెప్పారు.

ఖర్చు లేని నిజానికి మర్యాద ఉండదని నాకు అక్కడ తెలిసింది. తెలిసినదాన్ని అక్కడితో వదిలేసి ఉంటే బాగుండేది.

మా ఏరియా మేనేజర్ చంద్రశేఖర్ గారిది ప్రొద్దుటూరు. రమణయ్య గారి సంగతి తెలిసి నన్ను పిలిచారు.

"ఏమప్పా యాదగిరీ, వచ్చిన కస్టమర్‌కి గంగాళం చూపిచ్చి పంపిచ్చినావంట?"

"ప్లాన్ పెంచినా లాభం లేకుండె సార్."

"ఎవురికి లేకుండె?"

ఆయన టీ గ్లాసు నా వైపు జరిపారు.

"కోతి ఇంగ్లీషు మాట్లాడిందని చెప్తే జనం నోరు తెరుసుకోని ఇంటారంట నీ మాట. అట్లాంటి నోరు పెట్టుకోని ఊరికే పారేసుకుంటా ఉండావు. ప్లాన్ మీద కూడా ఒక కత చెప్పరాదా?"

చంద్రశేఖర్ గారు చెడ్డవారు కారు. నాకు జ్వరమొస్తే బోరబండలో మా ఇంటికి ఇడ్లీలు పట్టుకొచ్చిన మనిషి. మీకూ ఇలాంటి బాసు దొరుకుతాడు. తిట్టే బాసుకు కాదని చెప్పడం తేలిక. ఇడ్లీ తెచ్చినవాడికి కాదని చెప్పడానికి నోరు రాదు. నేను జీవితంలో చేసిన వెధవపనుల్లో ఎక్కువ భాగం మంచివాళ్ల మాట కాదనలేక చేసినవే.

కథ అల్లాను. "మీ ప్లాన్ బోరబండ గల్లీ లెక్క ఉంది మేడమ్. ఇంట్ల మీరేమో లారీలు తోలుతున్నరు. ఇగ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుండ్రి!" జనం నవ్వేవారు, నవ్వుతూనే ఒప్పుకునేవారు. నిజం చెప్పినప్పుడు మొహం మాడ్చుకున్నవాళ్లు, కథ చెబితే టీ ఇచ్చేవారు. ఆ టీ బాగా అలవాటైంది.

ముందు కోడ్, తరువాత పని

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. ఫిర్యాదు వచ్చిన నాలుగు గంటల్లో దాన్ని మూసెయ్యాలి. మూయాలంటే కస్టమర్ ఫోన్‌కు ఒక కోడ్ వస్తుంది. పని పూర్తయి, కస్టమర్‌కు తృప్తి కలిగాక ఆ అంకెలు మనకు చెప్పాలి. మేము గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగేవాళ్లం. "మేడమ్, సిస్టమ్ ఓపెన్ చెయ్యాలె, జర కోడ్ చెప్పుండ్రి." ఆమె చెప్పేది. ఇంట్లో అడుగుపెట్టకముందే రోగం నయమైపోయేది.

తరువాత స్పీడ్ చూపించేవాళ్లం. రౌటర్ పక్కన నిలబడి, మా ఫోన్లో, మా కంపెనీ సర్వర్‌తో. సొంత వాకిట్లో నాలుగడుగులు పరిగెత్తి, ఊరంతా తిరిగొచ్చానని చెప్పుకోవడం లాంటిది అది. అంకె ఎప్పుడూ దివ్యంగానే వచ్చేది. "చూసిన్రా, ఎంతొస్తుందో!" అంటే, ఇంట్లో వీడియో ఆగిపోతున్నా సరే జనం ఆ అంకెనే నమ్మేవారు.

దీన్ని మోసమని మేమెవరమూ అనుకోలేదు. పద్ధతి అనుకున్నాం. పక్కవాడూ అలాగే చేస్తున్నప్పుడు తప్పుకు పద్ధతి అని పేరు పడుతుంది.

పెంచాలా, వద్దా

ఇప్పుడు అసలు జవాబు చెబుతాను. ఇరవై మూడేళ్లలో నేను నేర్చుకున్న విద్య మొత్తం ఇంతే.

ఎవరైనా అడగ్గానే ప్లాన్ గురించి మాట్లాడకండి. ముందు ల్యాప్‌టాప్‌ను తీగతో నేరుగా రౌటర్‌కు కలిపి చూడండి. తీగతో బాగుండి, గదిలో బాగోలేకపోతే తప్పు గోడలది, గంగాళాలది, అక్వేరియంలది. డబ్బా జరపండి, లేదా రెండో డబ్బా పెట్టుకోమనండి. తీగతో కూడా నెమ్మదిగా ఉంటే ఏ వేళలో అలా ఉంటోందో అడగండి. పొద్దున బాగుండి సాయంత్రం కుంటుతుంటే, ఆ వీధికి మనం ఇచ్చిన దారి చాలడం లేదు. ఆ ఇంటివాళ్లు ప్లాన్ పెంచుకున్నంత మాత్రాన వీధి వెడల్పవదు. వేళాపాళా లేకుండా తెగిపోతుంటే లైను దెబ్బతింది. దెబ్బతిన్న లైను మీద పెద్ద ప్లాన్ వెయ్యడమంటే, కుళాయి దగ్గర పైపు పగిలితే మేడమీద ట్యాంకు మార్చడం.

ఇవన్నీ చూశాక కూడా నలుగురు మనుషులు నాలుగు గదుల్లో ఒకేసారి వీడియో కాల్స్‌లో ఉండి, అప్పుడే నెమ్మదిస్తే, పెంచమనండి. అలాంటి ఇల్లు నాకు వారానికి ఒకటి తగిలితే గొప్ప. నేను పెంచమన్న ఇళ్లు రోజుకు అంతకంటే ఎక్కువ.

ఇదంతా నాకు అప్పుడే తెలుసు. అప్పుడు తెలియదని రాస్తే అదింకో కోతి కథ అవుతుంది.

మూడో అంతస్తు

మాధవి గారిది ప్రగతి నగర్‌లో చెరువుకు దగ్గర్లో ఒక అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. కాకినాడ నుంచి వచ్చిన కుటుంబం. భర్తకు జీడిమెట్ల మందుల కంపెనీలో షిఫ్టులు, నాలుగేళ్ల పాప. ఆమె హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేసేది. పాప కోసమని ప్రత్యేకంగా అడిగి ఇంటి నుంచే చేసేది. కాల్స్ మధ్యలో తెగిపోతున్నాయని, పిలిస్తే పలకడం లేదని ఆమె మీద రిపోర్టు పడింది. రెండు నెలలు గడువిచ్చారు. ఆలోగా మెరుగుపడాలి, లేకపోతే ఉద్యోగం వదులుకోవాలి. నేను వెళ్లేసరికి మూడు వారాలు మిగిలాయి. ఇల్లు కొన్న అప్పు ఆమె జీతం మీదే నడుస్తోంది.

ఇదంతా ఆమె నాకు మంచినీళ్లిస్తూ చెప్పింది. గుమ్మంలో కోడ్ అప్పటికే చెప్పేసింది.

"ప్లాన్ పెంచమంటారా అండీ? మావారు వద్దంటున్నారు. ఇప్పుడున్నదే సరిపోవాలి, ఇంకేదో లోపం ఉందంటున్నారు."

భర్త చెప్పింది నిజం. రౌటర్‌కు వచ్చే తీగను మీటర్‌తో చూశాను. అది గాజుతీగ, నెట్ వచ్చేది వెలుతురుగా. ఆ వెలుతురు రావలసినంత రావడం లేదు. కిందికి దిగి చూస్తే, మెట్ల కింద బోరు మోటారు పక్కన మా కంపెనీ డబ్బా. మూత సగం ఊడింది. మోటారు వేసినప్పుడల్లా నీళ్లు చిమ్మి అతుకులు నానుతున్నాయి. లోపల చీమలు కాపురం పెట్టాయి. అతుకు వేసే బృందాన్ని పిలిస్తే మూడు నాలుగు రోజులు పడుతుంది. అన్నాళ్లూ ఫిర్యాదు తెరిచి ఉంటుంది. నేనేమో మూసేశాను.

మళ్లీ పైకి ఎక్కాను. మూడు అంతస్తులు. ఒక మనిషి మనసు మార్చుకోవడానికి చాలినన్ని మెట్లు.

"పెంచితే తెగిపోవడం ఆగుతుందాండీ? అదొక్కటి చెప్పండి. స్పీడు నాకేం అక్కర్లేదు," అంది.

అంత సూటిగా నన్నెవరూ అడగలేదు. చంద్రశేఖర్ గారు ఆ నెల ప్లాన్ల పట్టీలో నా పేరు ఎదురుగా టార్గెట్ నిండని గడి చూపించి ఉన్నారు. "మేడమ్, మీరు గల్లీల ఉన్నరు..." అని మొదలుపెట్టాను. లారీలు, రింగ్ రోడ్డు, టోల్ గేటు, అన్నీ చెప్పాను. పాప నవ్వింది. మాధవి గారు కూడా చివరికి నవ్వింది. ప్లాన్ పెంచుకుంది.

పది రోజులు కాస్త బాగానే నడిచింది. అపార్ట్‌మెంట్‌లో బోరు మోటారు పాడై ట్యాంకర్లు తెప్పించుకున్నారని తరువాత తెలిసింది. పదకొండో రోజు మోటారు బాగుచేశారు. ఆ గురువారం పదకొండు గంటలకు మాధవి గారికి విదేశీ క్లయింట్‌తో సమీక్ష. ఆమె ఉండాలా పోవాలా తేల్చే కాల్ అదే. మూడుసార్లు తెగింది. మూడోసారి మళ్లీ కలిసేసరికి అవతల ఎవరూ లేరు.

ఉత్తరం

శుక్రవారం అతుకు బృందాన్ని బతిమాలి తీసుకెళ్లాను. అరగంట పని. చీమల్ని దులిపి, కొత్త అతుకు వేసి, మూత బిగించారు. నెట్ గుర్రంలా పరిగెత్తింది. పాత ప్లాన్ మీద కూడా అలాగే పరిగెత్తి ఉండేది.

మాధవి గారు అరవలేదు. ఒకటే అడిగింది. "లైను లోపం మీ వైపుదని రెండు ముక్కలు రాసివ్వండి యాదగిరి గారూ. నా తప్పు కాదని వాళ్లకి చూపించాలి. సోమవారం హెచ్‌ఆర్‌తో మీటింగ్ ఉందండి."

అలాంటి ఉత్తరాలు మా కంపెనీ ఇవ్వదు. అయినా నా బ్యాగులో కంపెనీ పేరున్న కాగితాలు, ముద్ర ఉన్నాయి. రాస్తానన్నాను. ఆమెకు సాయం చేస్తున్నానని గర్వపడ్డాను కూడా.

పెన్ను పట్టుకున్నాక చిక్కొచ్చింది. డబ్బాలో నీళ్లని రాస్తే, ఎప్పటి నుంచి అని అడుగుతారు. పన్నెండు రోజుల కింద యాదగిరి చూసి, అంతా బాగుందని మూసేశాడని రికార్డులో ఉంది. కాబట్టి ఎవరి తప్పూ కాని కారణం ఒకటి కావాలి. నా బుర్రకు అలాంటివి వెతుక్కోవలసిన పని లేదు. గురువారం ఉదయం అకాల వర్షం కురిసి, ప్రగతి నగర్ చెరువు పక్క స్తంభం మీద పిడుగు పడి, పదకొండు నుంచి ఒంటిగంట దాకా సేవలకు అంతరాయం కలిగిందని రాశాను. మా సిబ్బంది ప్రాణాలకు తెగించి పునరుద్ధరించారని చివర ఒక వాక్యం కలిపాను. ఆ వాక్యం రాసుకుని మురిసిపోయాను. ముద్ర గట్టిగా కొట్టాను.

ఆమె చదివి తలెత్తింది. "పిడుగాండీ? వర్షం పడ్డట్టు నాకు గుర్తులేదే."

"మీరు తలుపేసుకుని, చెవులకు గా హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూసుంటిరి. మీకేం తెలుస్తది మేడమ్? దబదబ కొట్టింది, పది నిమిషాల్ల బంద్ అయింది."

"పాప ఇంట్లో ఉంటే చెప్పేది, స్కూల్లో ఉంది... అయి ఉంటుంది లెండి." కాగితాన్ని ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టుకుంది. "చాలా థాంక్సండీ. ఫికర్ లేదంటారుగా మీ హైదరాబాదు వాళ్లు, అలా ఉంది నాకిప్పుడు."

ఏ ఫిర్యాదుకైనా ఒక కారణం అల్లి, ముద్ర కొట్టి ముగించడం మా వృత్తిలో అందరికీ చేతనవును. ఆ కాగితం మన చెయ్యి దాటాక ఎక్కడికి వెళ్తుందో, ఎవరు చదువుతారో మనం ఆలోచించం. మూసేశామా లేదా అన్నదే చూస్తాం.

వడియాలు

బుధవారం దాకా నేను ఫోన్ చెయ్యలేదు. అంతా బాగుంటుందనుకున్నాను. బుధవారం ఆమే చేసింది.

"యాదగిరి గారూ, గురువారం వర్షం పడిందా అండీ?"

ఆ గొంతు విన్నాక కథ రాలేదు.

"పడలే మేడమ్."

సోమవారం జరిగింది మెల్లగా చెప్పింది. ఆమె మేనేజర్ ఇల్లు నిజాంపేటలో, వీళ్ల ఇంటికి కూతవేటు దూరం. మీటింగ్‌లో ఆయన ఉత్తరం రెండుసార్లు చదివి, ఫోన్ తీసి, ఆ గురువారం వాళ్లావిడ పంపిన ఫొటో చూపించాడట. డాబా మీద చీరలు పరిచి వడియాలు ఎండబెడుతున్న ఫొటో. మిట్టమధ్యాహ్నం, నిప్పులు చెరిగే ఎండ.

"నేను పిడుగనే చెప్పానండీ వాళ్లకి. ఉత్తరంలో ఉందిగా. మీరు చూశారా అని అడిగితే, వర్షం వచ్చి ఆగిందని కూడా చెప్పాను. మీరు చెప్పారు కదా అని."

కాల్స్ తెగిపోవడం గురించి ఆ తరువాత ఎవరూ మాట్లాడలేదట. అది నెట్ సమస్య అయితే ఇంకో నెల గడువిద్దామని హెచ్‌ఆర్‌వాళ్లు ముందే అనుకున్నారట. ఆ మాట ఆమెకు చెప్పారు కూడా, ఆ ఫొటో చూపించాక. దొంగ పత్రం తెచ్చిందని రాసి, ఆ రోజే కంప్యూటర్ వెనక్కి తీసుకున్నారు. ఈ ఊళ్లో ఐటీ ఉద్యోగం ఇచ్చే ముందు పాత కంపెనీని అడుగుతారు. పనిలో వెనకబడిందంటే ఎవరో ఒకరు తీసుకుంటారు. దొంగ కాగితం పెట్టిందంటే ఎవరూ తీసుకోరు.

మర్నాడు సెలవు పెట్టి కూర్చుని, కంపెనీ కాగితం మీదే మళ్లీ ఉత్తరం రాసి ముద్ర కొట్టాను. డబ్బా, మోటారు నీళ్లు, చీమలు, చెప్పులు విడుస్తూ అడిగిన కోడ్, ప్లాన్ పెంచితే లాభం లేదని తెలిసి పెంపించడం, పడని పిడుగు, అన్నీ. తేదీలు వేశాను. దాని వల్ల నా ఉద్యోగం పోవచ్చని తెలుసు. పోయినా సరే అనుకున్నాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ ధైర్యం రావలసినది ఆ మొదటి రోజు, డబ్బా చూసి మళ్లీ మెట్లు ఎక్కినప్పుడు.

మాధవి గారు తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి ఉత్తరం మొత్తం చదివింది. రెండు పేజీలు, ఒక్క మాట కూడా వదలకుండా.

"అన్నీ నిజాలే రాశారండీ," అంది.

"మీ హెచ్‌ఆర్‌కు పంపుండ్రి మేడమ్. రమ్మంటే నేనొచ్చి చెప్త. తప్పంత నాదేనని వాళ్ల ముంగట చెప్త."

కాగితాన్ని మడత మీద మడత సరిగ్గా పెట్టి నా చేతికిచ్చింది.

"ఏమని పంపనండీ? అదీ మీ కంపెనీ కాగితమే, ఇదీ మీ కంపెనీ కాగితమే. అదే ముద్ర, అదే సంతకం. ఇప్పుడు మీరు నిజమే రాసినా, అది రెండో ఉత్తరమే కదండీ."